ఎడారిని గీయడం నేర్చినవారు

మా ఇబ్రిలో పిల్లలకు కాగితమూ రంగులూ ఇచ్చి "మీ ఊరి బొమ్మ వేయండర్రా" అంటే ఏం వేస్తారో సభ్యులందరికీ తెలిసినదే. రెండు కొండలు, వాటి మధ్య నుంచి తొంగిచూసే సూర్యుడు, ఒక పెంకుటిల్లు, పక్కన వంగిన కొబ్బరిచెట్టు, ముందొక ఏరు, ఏట్లో పడవ. ఈ పిల్లల్లో చాలామంది ఒమాన్‌లోనే పుట్టినవాళ్ళు. పెంకుటిల్లు సెలవుల్లో కూడా చూసి ఉండరు, ఎందుకంటే తాతగారు అది పడగొట్టి డాబా వేయించి ఎన్నో ఏళ్ళయింది. పడవ ఎక్కినవాడైతే లేనే లేడు. కిటికీ తీస్తే ఎదురుగా కనబడే గోధుమరంగు కొండ మాత్రం ఒక్కరి కాగితం మీదికీ రాదు.

పిల్లలను అనవలసిన పని లేదు. "ఇక్కడేముందండీ, రాళ్ళూ ఇసుకా" అని రోజూ వాళ్ళ చెవిన వేసేది మనమే. మాతో ఇరవైరెండేళ్ళు కలిసి ఉన్న ఒక కుటుంబం ఉద్యోగ విరమణ చేసి వెళ్ళిపోయేటప్పుడు సామాను సర్దడానికి సాయం వెళ్ళాము. ఖర్జూరాల డబ్బాలు, సాంబ్రాణి, పిల్లలకు బట్టలు, అరడజను ఫోటో ఆల్బములు. ఆల్బములు తిరగేస్తే అన్నీ పుట్టినరోజులు, ఉగాదులు, సత్యనారాయణ వ్రతాలు. ప్రతి ఫోటోలోనూ మనుషుల వెనుక ఒక గోడ. ఆ ఇల్లాలు చివరికి పుస్తకం మూసి, "ఇన్నేళ్ళూ ఎక్కడున్నామో ఇందులో లేదు వదినా" అన్నది. ఆ మాటకు ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము.

ఆ తరువాతి చలికాలం నుంచి ఐదారు కుటుంబాలవాళ్ళం శుక్రవారం తెల్లవారుజామున నీటిరంగుల పెట్టెలు, ఒక ఫ్లాస్కు టీ, పాత దుప్పటి పట్టుకుని ఊరి బయటికి పోతున్నాము. మాలో చిత్రకారులు ఎవ్వరూ లేరు. డాక్టర్లు, ఉపాధ్యాయులు, చమురు బావుల ఇంజనీర్లు, వంటింటి నుంచి ఆ రెండు గంటలు తప్పించుకోగలిగిన ఇల్లాళ్ళు. బొమ్మలు ఎలా వస్తున్నాయని అడగకండి. కాని ఈ పని మనకు ముందు ఎవరు చేశారు, ఎలా నేర్చుకున్నారు అని వెదకబోతే దొరికిన కథలు మా బొమ్మల కంటే బాగున్నాయి. అవి నలుగురితో పంచుకుందామని ఈ నాలుగు పేజీలు.

ఎడారిలో గీయడానికేముంది అన్న మాట మనది మాత్రమే కాదు. స్కాట్లండు చిత్రకారుడు డేవిడ్ రాబర్ట్స్ 1838-39లో ఈజిప్టు, సినాయి, పాలస్తీనా తిరిగి తెచ్చిన బొమ్మలు అచ్చయి ఇంగ్లండులో ఇంటింటా వెలిశాయి. వాటిలో ఎక్కువగా కనిపించేవి గుళ్ళు, శిథిలాలు, ఒంటెల బిడారులు. ఇసుక వాటికి పరచిన చాప లాంటిది. ఎడారిని ఎడారి కోసమే చూడడానికి ఇంకొక తరం పట్టింది. ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రొమాంతాఁ 1853లో అల్జీరియాలోని లగువాత్ అనే ఒయాసిసు ఊరికి వెళ్ళి, అక్కడి వేసవిని, వెలుతురును గురించి 1857లో ఒక పుస్తకం వ్రాశాడు. మంచి పుస్తకమే. కాని ఆయన వెళ్ళడానికి కొద్ది నెలల ముందు, 1852 డిసెంబరులో, ఫ్రెంచి సైన్యం ఆ ఊరిని పట్టుకుని జనాన్ని ఊచకోత కోసిందన్నది మరువరాదు. సైన్యం వేసిన దారినే కుంచె నడిచింది. గ్యోమే అనే మరొక ఫ్రెంచివాడు 1867లో వేసిన 'సహారా' చిత్రం పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. ఆకాశం, నేల, ముందు ఒక ఒంటె అస్థిపంజరం, అంతే. పెద్ద చిత్రకారుడికి కూడా ఎడారి అంటే చావు గుర్తుకు వచ్చిందే గాని, అక్కడ కాపురాలు చేసే జనం ఉన్నారని తోచలేదు.

కుంచె సైన్యం వెంట నడిచిందన్నాము గాని, నిజానికి ఆ రోజుల్లో సైన్యం చేతిలోనే కుంచె ఉండేది. కెమెరా లేని కాలం కదా. ఇంగ్లండులో ఊలిచ్ సైనిక విద్యాలయంలో 1768 నుంచి పాల్ శాండ్‌బీ అనే ప్రసిద్ధ చిత్రకారుడు చిత్రలేఖనం పాఠాలు చెప్పాడు. కొండ ఎక్కడ, వాగు ఎక్కడ, ఫిరంగి ఎక్కడ నిలపవచ్చు అన్నది చూసి గీసుకు రావడం అధికారికి ఉండవలసిన విద్య. మన దేశంలో సర్వే పని చేసిన కోలిన్ మెకంజీ వెంట చిత్రకారులు ఉండేవారు. ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య మొదలైనవారు, ఆయనకు శాసనాలూ కైఫీయతులూ సేకరించి పెట్టినవారు. 1816-17లో అమరావతి శిల్పాలను కాగితం మీదికి ఎక్కించినది ఆ బృందమే. చాలా రాళ్ళు తరువాత సున్నపు బట్టీల పాలైనాయి, చెల్లాచెదరైనాయి. బొమ్మలు మిగిలాయి. మద్రాసులో చిత్రకళా పాఠశాలను 1850లో స్థాపించిన అలెగ్జాండర్ హంటర్ వృత్తిరీత్యా వైద్యుడు. ఈ సంగతి చెప్పిన రోజు మా డాక్టరుగారు రెండు కాగితాలు ఎక్కువ పాడుచేశారు.

ఇక్కడ మన గోదావరి ఒడ్డు కథ చెప్పుకోవాలి. మా దృష్టిలో ఈ వ్యాసానికి ఇదే ముఖ్యం.

ఆస్వాల్డ్ కూల్డ్రే 1882లో పుట్టిన ఇంగ్లీషువాడు. 1909 నుంచి సుమారు పదేళ్ళు రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలు. ఉద్యోగం కోసం వచ్చినవాడు, ఉద్యోగం అయ్యాక వెళ్ళిపోయినవాడు. ఆ ఎండ, ఆ ఉక్క, తెలియని భాష, అన్నీ భరించాడు. అయితే ఆయన బంగళా కిటికీ మూసుకుని లండను పత్రికల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. నీటిరంగులు పట్టుకుని ఊళ్ళు తిరిగాడు, బొమ్మలు వేశాడు, కుర్రవాళ్ళను పిలిచి చూపించాడు. అలా ఆయన చేరదీసిన కుర్రవాళ్ళలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం ఉన్నారు. రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్ళి చదువుకుని వచ్చాడు. గోదావరిని, తూర్పు కనుమలను, మన స్త్రీలను, మన పశువులను కాగితం మీదికి తెచ్చి 1925 ఫిబ్రవరిలో మశూచితో, నిండా ఇరవై ఎనిమిదేళ్ళు రాకుండానే పోయాడు. ఆయన భార్య సత్యవాణమ్మగారు కూడా చిత్రకారిణి. ఆయన పేరుతో వెలసిన చిత్రశాల రాజమండ్రిలో ఉంది. సెలవుల్లో వెళ్ళినవారు పుష్కర ఘాటు చూసి తిరిగి వచ్చేయకుండా అక్కడికి కూడా ఒక గంట కేటాయించవలసినదిగా మనవి.

కూల్డ్రే స్వదేశం చేరాక తన దక్షిణ భారత జీవితం గురించి 1924లో ఒక పుస్తకం ప్రకటించాడు. ఆయన పాలకుల జాతివాడు. మనం ఇక్కడ వీసా మీద ఉన్న కొలువువాళ్ళం. రెంటికీ పోలిక పూర్తిగా కుదరదని మాకు తెలుసు. అయినా ఒక విషయంలో కుదురుతుంది. ఆయన తనది కాని ఊళ్ళో, ఒకనాడు విడిచిపోక తప్పదని తెలిసిన ఊళ్ళో, పదేళ్ళు కళ్ళు తెరుచుకుని బ్రతికాడు. రాజమండ్రి కుర్రవాళ్ళకు గోదావరిని గీయదగిన వస్తువుగా చూపిన వారిలో బయటినుంచి వచ్చిన ఆ మనిషి ఒకడు. ఇక్కడి పెద్దలకు మనం ఏదో నేర్పుతామని కాదు. ఒమాన్‌లో 1980లోనే ప్రభుత్వం యువకుల కోసం చిత్రశాల తెరిచింది. 1993లో లలితకళల సంఘం ఏర్పడింది. అన్వర్ సోనియా వంటి పెద్ద చిత్రకారులు ఉన్నారు. వారి దేశాన్ని వారు చూసుకోగలరు. చూడనిది మనమే.

ఎడారి నీటిరంగులకు లొంగుతుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. ఆ దేశం నడిబొడ్డున హెర్మన్స్‌బర్గ్ అనే చోట ఒక లూథరన్ మిషను ఉండేది. అక్కడి అరెర్ంట ఆదివాసి తెగలో 1902లో పుట్టినవాడు ఆల్బర్ట్ నమట్‌జిరా. వడ్రంగం, కమ్మరం, ఒంటెలు తోలడం తెలిసినవాడు. అక్కడికి రెక్స్ బాటర్‌బీ అనే చిత్రకారుడు వచ్చాడు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో బాగా గాయపడి ఒక చేయి పనిచేయక, మరొక బ్రతుకు లేక బొమ్మలు నేర్చినవాడు. 1934లో ఆయన మిషనులో బొమ్మలు ప్రదర్శించగా నమట్‌జిరా చూశాడు. ఇవి నేనూ వేయగలననుకున్నాడు. 1936లో ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. బాటర్‌బీకి నమట్‌జిరా ఒంటెలు తోలి దారి చూపాలి, బదులుగా ఆయన రంగులు కలపడం చూపాలి. అలా మొత్తం రెండు నెలల పాటు సంచారం. ఆ గురుకులంలో బల్లలు లేవు, పరీక్షలు లేవు. పగలు ప్రయాణం, మధ్యలో ఆగినచోట బొమ్మ. 1938లో మెల్‌బోర్న్‌లో నమట్‌జిరా మొదటి ప్రదర్శన జరిగితే బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి.

రెండు నెలల్లో ఎలా వచ్చింది? ఆయనకు రంగు వేయడం మాత్రమే రెండు నెలల విద్య. ఆ కొండలు ఏ పూట ఏ రంగుకు తిరుగుతాయో ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాడు. అవి ఆయన తాతముత్తాతల కొండలు. పట్నం విమర్శకులు చాలాకాలం ఇవి తెల్లవాళ్ళ పద్ధతికి నకళ్ళని తేల్చి పారేశారు. ఆ దేశపు జాతీయ చిత్రశాల ఆయన శతజయంతికి, 2002లో, పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసే నాటికి ఆ మాట అనేవారు తగ్గారు.

తరువాతి కథ చేదుగా ఉంటుంది, అయినా చెప్పాలి. అంత పేరు వచ్చినా సొంత దేశంలో ఆయనకు పౌరహక్కులు 1957లో గాని ఇవ్వలేదు. ఇచ్చింది కూడా ఆయనకూ భార్యకూ మాత్రమే, బంధువులకు కాదు. పౌరుడైనందుకు ఆయన మద్యం కొనవచ్చు, కాని తనవాళ్ళతో పంచుకుంటే నేరం. 1958లో ఆ నేరం క్రిందనే శిక్ష పడింది. 1959 ఆగస్టులో మరణించాడు. ఆయన బొమ్మల మీది హక్కును 1983లో ప్రభుత్వ ధర్మకర్త ఎనిమిదిన్నర వేల డాలర్లకు బయటివారికి అమ్మివేశాడు. అది తిరిగి కుటుంబానికి చేరింది 2017లో. ఆయన గీసినందువల్ల ప్రసిద్ధికెక్కిన తెల్ల మ్రాను యూకలిప్టస్ చెట్ల జంట ఒకటి ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర ఉండేది. 2013 మొదట్లో చూసేసరికి ఎవరో తగులబెట్టగా అవి కాలి పడి ఉన్నాయి.

చెట్టు మాట వచ్చింది కనుక మా సంగతి ఒకటి చెప్పాలి, నవ్వినా సరే.

దసరాకు జమ్మి ఆకు కావాలి కదా. మా వరంగల్ కుటుంబాలవారు ఏటేటా ఊరినుంచి వచ్చేవారి సూట్‌కేసులో ఎండిన జమ్మి రెబ్బలు కాగితంలో చుట్టి తెప్పించుకునేవారు. అందరికీ తలా రెండాకులు పంచి, చేతిలో పెట్టి, పెద్దలకు దండం పెట్టించేవారు. ఒక శుక్రవారం మేము ఊరి బయట, ఎప్పుడూ నీడకోసం కారు ఆపే పెద్ద చెట్టును గీస్తున్నాము. ఇక్కడివారు దానిని గాఫ్ అంటారు. ఆకుపచ్చ మచ్చ ఒకటి వేసి వదిలేస్తే అది చెట్టులా కనబడలేదు. దగ్గరకు వెళ్ళి చూడక తప్పలేదు. చింతాకు కంటే సన్నని ఆకులు, కొమ్మ పొడుగునా అక్కడక్కడ కుదురైన చిన్న ముళ్ళు, పగుళ్ళు బారిన బెరడు. మా ఉపాధ్యాయిని ఒకరు ఆకు నలిపి వాసన చూసి, "అమ్మో, ఇది జమ్మి కదండీ!" అన్నారు. నిజమే. గాఫ్, రాజస్థాన్ ఖేజ్రీ, మన జమ్మి, మూడూ ఒకే చెట్టు. 2014లో తెలంగాణ తన రాష్ట్ర వృక్షంగా ప్రకటించుకున్నది దీనినే. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు క్రింద పదిహేనేళ్ళు కారు నిలిపి, ఆకు మాత్రం విమానంలో తెప్పించుకున్నాము.

ఫోటో తీసి ఉంటే మాకు ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు. అరగంట కూర్చుని ఆకు ఎలా ఉందో చూడవలసి రావడంవల్ల తెలిసింది. అప్పటినుంచి చెట్లన్నీ పోల్చుకోవడం మొదలుపెట్టాము. గొడుగులా పైన చదునుగా పరచుకున్నది తుమ్మ జాతిది, ఇక్కడ సముర్ అంటారు. సిద్ర్ అనేది మన రేగుకు దగ్గర చుట్టం. రోడ్ల పక్కన అడ్డదిడ్డంగా పెరిగేది మన సర్కారు తుమ్మే, ఇక్కడా పరాయిదే, ఇక్కడా తిట్లు తినేదే. జమ్మి కొమ్మలు విరవడం ఇక్కడివారికి ఇష్టం ఉండదు, ఉండకూడదు కూడా. దసరాకు క్రింద రాలిన రెబ్బలే ఏరుకుంటున్నాము.

నీటిరంగుకూ ఎడారికీ ఉన్న చుట్టరికం కూడా చిన్నది కాదు. రంగుపొడిని కాగితానికి అంటించి పట్టేది తుమ్మజాతి బంక. చిన్నప్పుడు పుస్తకాలకు అట్టలు వేయడానికి వాడిన తుమ్మజిగురు గుర్తుంది కదా, దానికి సోదరి. మేలురకం బంక సూడాను వైపు ఎడారి అంచుల నుంచి వచ్చేది. 1835లో లండనులో విన్సర్, న్యూటన్ అనే ఇద్దరు ఆ బంకలో గ్లిజరిన్ కలిపి ఎండిపోని మెత్తని రంగు బిళ్ళలు అమ్మకానికి పెట్టారు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు తగరపు గొట్టంలో తైలవర్ణం నింపే ఉపాయం కనిపెట్టాడు. ఈ రెండింటితో రంగులు జేబులోకి వచ్చాయి, సెలవురోజు చిత్రకారుడు పుట్టాడు. చర్చిల్ కూడా 1915లో పదవి ఊడి దిగులుపడి ఉన్నప్పుడు పిల్లల రంగుల పెట్టె చేతికి వచ్చి మొదలుపెట్టినవాడే. 1921లో కైరోకు రాజ్యాలు పంచడానికి వెళ్ళి, ఆ సందులో పిరమిడ్ల దగ్గర కూర్చుని బొమ్మలు వేసుకున్నాడు. బొమ్మలు పర్వాలేదు. పంపకం సంగతి ఇంకొక వ్యాసం.

ఇబ్రిలో రంగుల గురించి మేము తెలుసుకున్నది కొంచెం చెబుతాము. మొదట మేమంతా ఇసుకకు పసుపు, ఆకాశానికి నీలం వేశాము. మధ్యాహ్నం వెళ్ళి వేశాము, అది ఇంకొక తప్పు. నెత్తిమీద సూర్యుడుంటే నీడలు లేవు, నీడలు లేకపోతే కొండకు ఒడ్డూపొడుగూ లేదు. తెల్లవారి ఏడు గంటలకు చూస్తే అదే నేల వేరు. ఎండ తగిలిన వైపు జాజు రంగు, నీడ వైపు ఊదా. నీడ నల్లగా ఉండదు. సూర్యుడి వెలుగు అందని చోటికి ఆకాశపు నీలి వెలుగు అందుతుంది కనుక అలా కనబడుతుంది. ఆకాశం నడినెత్తిన నీలమే గాని, క్రిందికి దిగేకొద్దీ దుమ్ముచేత పాలిపోయి కొండ అంచున సున్నం కలిపిన పసుపులా ఉంటుంది. దూరపు కొండలకు నీళ్ళు ఎక్కువ, రంగు తక్కువ. పడమట ఇసుక ఎర్రబడేది ఇనుప తుప్పు రేణువులకు పూతలా పట్టడంవల్ల. మన ఇళ్ళ గోడలకు పూసే జాజులో ఉన్నదీ అదే ఇనుము. కాగితం మీద నీరు ఇక్కడ కన్ను మూసి తెరిచేలోగా ఆరిపోతుంది. అందుచేత పోస్టుకార్డంత కాగితమే తీసుకోవడం, రెండు వైపులా తడపడం మంచిది. రబ్బరు తేవద్దని మా నియమం. ఎవరి బొమ్మనూ ఎవరూ దిద్దకూడదనేది రెండవది. ఇది పెట్టాకనే పెద్దవాళ్ళు రావడం మొదలైంది. పిల్లలకు ఏ నియమమూ అక్కరలేకపోయింది.

ఎక్కడ కూర్చోవాలన్నది ఇబ్రిలో కష్టం కాదు. మస్కట్‌కు సుమారు 300 కిలోమీటర్లలో, హజర్ కొండల వెనుక ఉన్న ఈ సీమ పేరు ధాహిరా. అంటే వీపు అని అర్థం. కొండలకు అవతలి సముద్ర తీరం బాతినా, అంటే కడుపు. దేశాన్ని ఒక మనిషిగా చూసినవాళ్ళు పెట్టిన పేర్లు. ఇక్కడికి దక్షిణాన ఫహూద్‌లో 1956-57లో చమురుకోసం తవ్వి ఏమీ లేదని వదిలేశారు. 1964లో అక్కడే, మొదటి బావికి కొన్ని వందల మీటర్ల దూరంలోనే, పడింది. 1967లో ఎగుమతి మొదలైంది. ఇసుకలో తైలం తీయడం మన కవులకు అసాధ్యానికి ఉపమానం. మా ఇంజనీర్లకు అది నెల జీతం. తూర్పున అల్ అయిన్‌లో ఒక మిట్టమీద వరుసగా తేనెతుట్టెల ఆకారపు రాతి సమాధులు ఇరవై ఒకటి ఉన్నాయి. నాలుగున్నర వేల ఏళ్ళకు తక్కువ కానివి. వాటి వెనుక మిష్త్ కొండ. మిష్త్ అంటే దువ్వెన, చూస్తే ఎందుకో తెలుస్తుంది. బాత్, అల్ ఖుతుమ్‌లతో కలిపి యునెస్కో 1988లో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిని కట్టినవారు రాయి మీద రాయి సుద్దమన్నైనా లేకుండా పేర్చారు. గీస్తూ ఉంటే ఒక్కొక్క రాయి ఎక్కడ ఆనిందో లెక్కపెట్టవలసి వస్తుంది.

మొన్న జనవరిలో అక్కడే ఉన్నట్టుండి గాలి లేచి, తడి కాగితాల నిండా ఇసుక పడింది. దులిపితే రంగు ఊడుతుంది, వదిలితే గరుకు. అలాగే ఆరనిచ్చాము. ఆ బొమ్మల్లో ఒకదానిని వెళ్ళిపోయిన ఆ కుటుంబానికి పోస్టులో పంపాము. కాకినాడలో వాళ్ళ ముందుగదిలో గోడకు తగిలించారట. మనవడు వ్రేలితో తడిమి "గరగరలాడుతోంది నానమ్మా" అంటే, ఆవిడ "అదే రా ఇబ్రి" అన్నదట.

ఈ చలికాలపు మొదటి శుక్రవారం సులైఫ్ పాత మట్టికోట క్రింద కలుస్తున్నాము. ఉదయం ఆరున్నరకు. కుంచెలు మా దగ్గర ఉన్నాయి. తాగే నీళ్ళు, రంగు కడిగే నీళ్ళు వేరువేరు సీసాలలో తెచ్చుకోండి. పోయిన ఏడు ఒకరు రెండూ కలిపేసుకున్నారు.